గురక పెట్టే పిల్లవాడు

(మహిళల చదువు కేంద్రంలో ఇచ్చిన ఉపన్యాసం)



గురక అంటే అందరికీ నవ్వే. పెళ్ళివారింట్లో అరుగు మీద పడుకున్న పెద్దాయన గురక పెడితే పిల్లలు చుట్టూ చేరి నవ్వుతారు. అదే పసివాడు గురక పెడితే ముసలమ్మలు మురిసిపోతారు. "చూడు, వెధవ ఎంత గాఢంగా నిద్రపోతున్నాడో! ఎవరి కళ్ళయినా పడతాయి" అని దిష్టి కూడా తీస్తారు.

ఇక్కడే పొరపాటు జరుగుతోంది. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక వస్తే భయం లేదు. జలుబుతో పాటే పోతుంది. కానీ జలుబు లేకుండా, వారంలో మూడు రాత్రులో అంతకన్నా ఎక్కువో పిల్లలు గురక పెడుతుంటే అది గాఢనిద్ర కాదు. వాళ్ళు ఊపిరి కోసం కష్టపడుతున్నారని అర్థం. అలా గురక పెట్టే పిల్లల్లో కొందరికి నిద్రలో ఊపిరి ఆగిపోయి, మళ్ళీ వస్తూ ఉంటుంది. దీన్ని డాక్టర్లు స్లీప్ అప్నియా అంటారు. అప్నియా అంటే గ్రీకు భాషలో ఊపిరి లేకపోవడం. నూరు మంది పిల్లల్లో ఒకరి నుంచి అయిదుగురి దాకా ఈ జబ్బు ఉంటుందని లెక్కలు చెబుతున్నాయి. అంటే ఒక పెద్ద బడిలో వెతికితే ఇద్దరో ముగ్గురో తప్పక దొరుకుతారు.

ఒక ఊళ్ళో ఒక తల్లి ఉందనుకోండి. ఆమెకు ఆరేళ్ళ కొడుకు. వాడికి అన్నం సరిగా సహించదు. ముద్ద మింగడానికి గంటసేపు. ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటాడు. "నోరు ముయ్యరా, ఈగలు పోతాయి" అని అందరూ అంటారు. వాడు మూసుకోడు. మూసుకుంటే ఊపిరి ఆడదు. ఆ సంగతి వాడికి చెప్పడం రాదు.

బడిలో వాడు ఒకచోట కూర్చోడు. పక్కవాణ్ణి గిల్లుతాడు. పలక మీద ఒక అక్షరం రాసి కిటికీ వైపు చూస్తాడు. చెప్పింది చెప్పినట్టే మరిచిపోతాడు. పంతులుగారు మొద్దబ్బాయి అని పేరు పెట్టారు. ఇంటికి వస్తే ఇంకో గొడవ. ఆరేళ్ళు వచ్చినా పక్క తడుపుతాడు. తండ్రి రెండు దెబ్బలు వేస్తాడు. నాయనమ్మ అయితే, "వీడి అమ్మ గారాబం చేసి చెడగొట్టింది" అంటుంది. చూశారా, జబ్బు పిల్లాడిది, నింద తల్లిది.

ఆ తల్లి తెల్లవారు జామున నాలుగు గంటలకు లేస్తుంది. కుళాయి నీళ్ళు ఆ వేళకే వస్తాయి. ఒకరోజు బిందె తీసుకుని వెళ్ళబోతూ ఆగింది. పిల్లాడి గురక వినిపిస్తోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. సద్దు లేదు. ఆమె దగ్గరికి వెళ్ళి చూసింది. రొమ్ము కదులుతోంది. పొట్ట పైకి లేస్తోంది, రొమ్ము లోపలికి గుంట పడుతోంది. కానీ ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలడం లేదు. మెడ వెనక్కి విరిచి పడుకున్నాడు. నుదుటి మీద చెమట. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. తొమ్మిది అనేసరికి పిల్లాడు ఉలిక్కిపడ్డాడు. "హక్" మని గాలి పీల్చుకున్నాడు. అటు దొర్లి మళ్ళీ గురక మొదలుపెట్టాడు.

నీళ్ళు వచ్చి పోయాయి. ఆమె బిందె నింపలేదు.

అసలు ఆ తొమ్మిది లెక్కలోపు ఏం జరిగింది? ఇది తెలుసుకుంటే మిగిలినదంతా తేలిగ్గా తెలుస్తుంది.

పొలంలో మోటారు చూసిన వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. మోటారుకు రెండు వైపులా పైపులు ఉంటాయి. నీళ్ళు పీల్చే వైపు ఎప్పుడూ గట్టి పైపే వేస్తారు. నీళ్ళు పోసే వైపు మెత్తని పైపు వేసినా చెల్లుతుంది. ఎందుకు? పోసే వైపు నీరు పైపును లోపలి నుంచి ఉబ్బిస్తుంది. పీల్చే వైపు పైపును లోపలికి లాగేస్తుంది. అక్కడ మెత్తని పైపు పెడితే చప్పిడిగా అణిగిపోతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు రావు. కొబ్బరి బొండాంలో కాగితపు గొట్టం నానిపోయాక పీలిస్తే కూడా ఇంతే. గోడలు అంటుకుపోతాయి.

మన ఊపిరి కూడా పీల్చే పనే. రొమ్ము విప్పారితే లోపల ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి బయటి గాలి వస్తుంది. గాలి ముక్కులో నుంచి గొంతు వెనకకు వస్తుంది. అక్కడి నుంచి శ్వాసనాళంలోకి, తరువాత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు చుట్టూ ఎముక ఉంది. అది అణగదు. శ్వాసనాళానికి మెత్తటి ఎముకతో చేసిన ఉంగరాలు ఉన్నాయి. మెడ ముందు భాగం తడిమితే గట్టిగా తగులుతుంది. అదీ అణగదు. ఈ రెంటికీ మధ్య, నాలుక వెనకాల ఉన్న గొంతు భాగానికి మాత్రం చుట్టూ ఎముక లేదు. అది వట్టి కండ. గట్టి పైపుల మధ్య ఒక జానెడు మెత్తని పైపు అతికించినట్టు.

దేవుడు ఇక్కడెందుకు ఇలా చేశాడు అని అడగవచ్చు. దానికి కారణం ఉంది. అన్నం మింగాలంటే గొంతు ముడుచుకోవాలి. మాట్లాడాలంటే కదలాలి. ఎముక ఉంటే ఈ పనులు సాగవు. అందుకని ఆ చోటు మెత్తగా ఉంది. మేలుకుని ఉన్నంతసేపూ అక్కడి కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి పెడతాయి. మనకు తెలియకుండానే కాపలా కాస్తాయి.

నిద్ర పట్టగానే ఒంట్లో కండరాలన్నీ వదులవుతాయి. నిద్రపోయిన పిల్లను ఎత్తుకుంటే చేతులు వేలాడతాయి కదా, అలాగే గొంతు కండరాలు కూడా. దారి కాస్త ఇరుకవుతుంది. మామూలు పిల్లలకు దారి ముందే వెడల్పుగా ఉంటుంది. కాస్త ఇరుకైనా ఇబ్బంది లేదు. ముందే ఇరుకుగా ఉన్న పిల్లలకే కష్టం. ఇరుకు సందులో గాలి పోతుంటే గోడలు అదురుతాయి. ఆ అదురే గురక. ఇంకా ఇరుకైతే గోడలు అంటుకుపోతాయి. అప్పుడు గురక కూడా ఉండదు. అందుకే ఆ తల్లికి గురక ఆగినప్పుడు భయం వేసింది. ఆమె భయపడింది సరైన చోటే. గురక ఆగడం చల్లబడటం కాదు.

దారి ముందే ఎందుకు ఇరుకవుతుంది? పిల్లల్లో ఎక్కువగా కనిపించే కారణం టాన్సిల్స్, ఎడినాయిడ్స్ పెరగడం.

టాన్సిల్స్ అందరికీ తెలిసినవే. నోరు తెరిచి టార్చిలైటు వేస్తే కొండనాలుకకు రెండు పక్కలా రేగుపళ్ళలాగా కనిపిస్తాయి. ఎడినాయిడ్స్ కనబడవు. అవి ముక్కు వెనకాల, అంగిలి పైన దాక్కుని ఉంటాయి. రెండూ ఒక జాతివే. నోట్లోంచి, ముక్కులోంచి వచ్చే రోగక్రిములను పట్టుకునే కాపలా గదులు. రెండేళ్ళ నుంచి ఏడెనిమిదేళ్ళ దాకా పిల్లలకు కొత్త కొత్త క్రిములు తగులుతుంటాయి. ఆ వయసులో ఇవి పని ఎక్కువై పెరుగుతాయి. గొంతు మాత్రం ఇంకా చిన్నదే. చిన్న గదిలో పెద్ద బీరువా పెట్టినట్టు అవుతుంది. తరువాత గొంతు పెరుగుతుంది, ఇవి తగ్గుతాయి. ఈ జబ్బు ఆ వయసులోనే ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే.

ఒక మాట. టాన్సిల్స్ పెద్దవిగా ఉన్న ప్రతి పిల్లాడికీ ఈ జబ్బు ఉండదు. కొందరికి పెద్దవిగా ఉన్నా హాయిగా నిద్రపోతారు. కొందరికి మామూలుగానే కనబడతాయి, రాత్రి మాత్రం ఊపిరి ఆగుతుంది. "మా వాడికి ఎప్పుడూ గొంతునొప్పి రాలేదు, టాన్సిల్స్ ఎక్కడివి?" అని కూడా అంటారు. నొప్పి లేకుండా కూడా అవి పెరుగుతాయి. రాత్రి పిల్లాడు ఎలా ఊపిరి తీస్తున్నాడన్నదే చూడాలి.

ఎడినాయిడ్స్ పెరిగి ముక్కు వెనక దారి మూసుకుపోతే మాట కూడా మారుతుంది. ముక్కులోంచి పలకాల్సిన అక్షరాలు పలకవు. "మ" అనబోతే "బ" అని వస్తుంది. "అమ్మ" అని పిలిస్తే "అబ్బ" అన్నట్టు వినబడుతుంది. ముక్కు గట్టిగా మూసుకుని "అమ్మా" అని చూడండి, తెలుస్తుంది. చెవికీ ముక్కు వెనక భాగానికీ మధ్య ఒక సన్న గొట్టం ఉంటుంది. ఎడినాయిడ్స్ పెరిగితే ఆ గొట్టం పని కూడా చెడుతుంది. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది. పిలిస్తే పలకని పిల్లాడు పొగరుబోతు కాకపోవచ్చు. వాడికి వినబడకపోవచ్చు.

ఎడినాయిడ్స్ సంగతి మొదట వివరంగా చెప్పింది డెన్మార్కు దేశపు డాక్టరు విల్హెల్మ్ మేయర్. 1868లో, కోపెన్‌హాగెన్ పట్నంలో. 1889లో లండనులో విలియం హిల్ అనే డాక్టరు ఇంకో సంగతి రాశాడు. బడిలో మొద్దులనిపించుకునే పిల్లల్లో కొందరికి అసలు రోగం గొంతులోనూ ముక్కులోనూ ఉందని. అంటే ఇది నూరేళ్ళు దాటిన మాట. అయినా పిల్లల్లో నిద్రలో ఊపిరి ఆగే జబ్బుగా దీన్ని లెక్కగట్టి రాసింది 1976లోనే. అమెరికాలో పనిచేసిన గిల్మినో అనే డాక్టరు, ఆయనతో పనిచేసిన వాళ్ళూ ఎనిమిది మంది పిల్లలను రాత్రంతా పరీక్షించి రాశారు. అందుకే మన నాయనమ్మలకు ఈ సంగతి తెలియలేదంటే తప్పు పట్టడానికి లేదు.

ముక్కు దిబ్బడ కూడా తక్కువది కాదు. దుమ్ము పడక, పొగ పడక ముక్కు లోపలి పొర వాచిపోతుంది. దారి సన్నబడితే గాలి లాగడం ఎంత కష్టమో ఒక లెక్క ఉంది. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే, అంతే గాలి లాగడానికి రెండు రెట్లు కాదు, పదహారు రెట్లు బలం కావాలి. అంత బలంగా లాగితే కింద ఉన్న మెత్తని గొంతు ఇంకా అణుగుతుంది. ముక్కు ఆడకపోతే పిల్లాడు నోరు తెరుస్తాడు. నోరు తెరిస్తే కింది దవడ వెనక్కి జారుతుంది. దవడతో పాటు నాలుక కూడా వెనక్కి పడుతుంది. ఉన్న సందు కాస్తా మూసుకుంటుంది. ఇంట్లో బీడీ, చుట్ట కాల్చే మగవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి. పొయ్యి పొగ ఆడవాళ్ళకు తప్పనిది అంటారు. బీడీ పొగ తప్పనిది కాదు కదా!

లావుగా ఉన్న పిల్లలకు మరో కారణం. మెడలో, నాలుక కింద కొవ్వు చేరి దారిని చుట్టూ నొక్కుతుంది. పొట్ట పెద్దదైతే పడుకున్నప్పుడు ఊపిరితిత్తులు పూర్తిగా విప్పారవు. ఇంగ్లండులో డికెన్స్ అనే రచయిత 1836, 1837 సంవత్సరాల్లో రాసిన ఒక నవలలో ఒక బొద్దు కుర్రాడు ఉన్నాడు. నిలబడి నిద్రపోతాడు, గురక పెడతాడు. చదివిన వాళ్ళంతా నవ్వారు. అది జబ్బని డాక్టర్లు చెప్పడానికి నూరేళ్ళు పైన పట్టింది. ఇప్పుడు మన పల్లెల్లో కూడా చిప్స్ పొట్లాలు, కూల్‌డ్రింకులు వచ్చాయి. లావు పిల్లలు పట్నంలోనే ఉంటారనుకోవడానికి లేదు.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే కింది దవడ చిన్నదిగా ఉంటుంది. డౌన్ సిండ్రోం ఉన్న పిల్లలకు కండరాలు వదులు, నోరు చిన్నది, నాలుక పెద్దగా కనిపిస్తుంది. వాళ్ళలో ఈ జబ్బు చాలా ఎక్కువ. అలాంటి పిల్లలకు గురక ఉన్నా లేకపోయినా నాలుగేళ్ళ లోపు ఒకసారి నిద్ర పరీక్ష చేయించాలని పిల్లల డాక్టర్లు చెబుతారు. కండరాల జబ్బులు ఉన్నవాళ్ళు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, సికిల్ సెల్ రక్తజబ్బు ఉన్నవాళ్ళు, వీళ్ళ మీద కూడా ఓ కన్నేసి ఉంచాలి.

ఇప్పుడు మళ్ళీ ఆ తొమ్మిది లెక్క దగ్గరికి వద్దాం.

దారి మూసుకుపోయింది. రొమ్ము మాత్రం లాగుతూనే ఉంది. గాలి రాదు కాబట్టి పొట్ట లేస్తే రొమ్ము గుంట పడుతుంది. లోపల ప్రాణవాయువు తగ్గుతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. పెద్దవాళ్ళకన్నా పిల్లలకు ఇది తొందరగా జరుగుతుంది. వాళ్ళ ఒంట్లో గాలి నిల్వ తక్కువ, ఖర్చు ఎక్కువ. మెదడు దీన్ని పసిగడుతుంది. "లే, ఊపిరి తీసుకో" అని ఒళ్ళంతా తట్టి లేపినట్టు చేస్తుంది. కండరాలు బిగుస్తాయి. దారి తెరుచుకుంటుంది. "హక్" మని గాలి వస్తుంది. పిల్లాడికి పూర్తి మెలకువ రాదు. పొద్దున అడిగితే ఏమీ గుర్తుండదు. ఇది ఒక రాత్రిలో పదులసార్లు జరగవచ్చు. పెద్దవాళ్ళకు పది సెకన్లు ఊపిరి ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు. పిల్లలకు రెండు ఊపిర్లు తప్పిపోతే చాలు. గంటకు ఒకసారికి మించి అలా జరిగితే మామూలు కాదని డాక్టర్లు అంటారు.

అన్ని పిల్లల్లోనూ దారి పూర్తిగా మూసుకోదు. కొందరికి సగం మూసుకుని గంటల తరబడి అలాగే ఉంటుంది. ఊపిరి ఆగినట్టు కనబడదు. ఎడతెగని గురక, చెమట, పొర్లాట. ఇది కూడా ఆ జబ్బే.

ఎక్కువ జరిగే వేళ కూడా ఒకటుంది. కలలు వచ్చే నిద్రలో కండరాలు మరీ వదులవుతాయి. ఆ నిద్ర తెల్లవారు జామున ఎక్కువ. అందుకే రాత్రి తొమ్మిదింటికి పిల్లాణ్ణి చూసి, "బాగానే పడుకున్నాడు" అనుకుంటే సరిపోదు. మూడు, నాలుగు గంటల మధ్య చూడాలి. నీళ్ళకో, పాలు పితకడానికో లేచే ఆడవాళ్ళకే అది కనబడుతుంది. తండ్రులకు కనబడదు.

రాత్రి సంగతి పగటికి ఎలా వస్తుంది? పెద్దవాళ్ళకు నిద్ర చాలకపోతే పగలు తూగుతారు. పిల్లలు అలా కాదు. నిద్ర చాలని పిల్లాడు ఎక్కువ అల్లరి చేస్తాడు. చిరాకు, ఏడుపు, ఒకచోట నిలవకపోవడం. అందుకే ఎవరూ నిద్రను అనుమానించరు. నేర్చుకున్న పాఠం మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఆ నిద్ర ముక్కలు ముక్కలైతే పాఠం నిలవదు. ఒళ్ళు పెరగడానికి కావలసిన రసం ఎక్కువగా ఊరేది గాఢనిద్రలో. దానికి తోడు రాత్రంతా గాలి లాగడానికే బలం ఖర్చవుతుంది. టాన్సిల్స్ అడ్డం వచ్చి అన్నం మింగడమూ కష్టం. ఇక ఎదుగుదల ఎక్కడిది?

పక్క తడపడం కూడా ఇందులో భాగమే కావచ్చు. మూసుకున్న గొంతుతో బలంగా గాలి లాగినప్పుడు గుండెలోకి రక్తం ఎక్కువగా వస్తుంది. గుండె సాగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని నీరు పోయించే రసాన్ని వదులుతుంది. మూత్రం ఎక్కువ తయారవుతుంది. పిల్లాడికేమో సరైన మెలకువ రాదు. పక్క తడుస్తుంది. పక్క తడిపే పిల్లలందరికీ ఈ జబ్బు ఉందని కాదు. గురక, పక్క తడపడం రెండూ ఉంటే మాత్రం దెబ్బలు ఆపి డాక్టరుకు చూపించాలి. చాలా ఏళ్ళు పట్టించుకోకుండా వదిలేస్తే రక్తపోటు పెరగవచ్చు. గుండె కుడివైపు అలిసిపోవచ్చు. ఇది అరుదు. కానీ ఉంది.

ఆ తల్లి ఏం చేసిందో చెప్పుకుందాం.

ఆమె అంకెలు, అక్షరాలు కొత్తగా నేర్చుకుంది. గోడకు క్యాలెండరు ఉంది. అది అంతవరకూ అమావాస్యకూ పండుగకూ పనికొచ్చేది. పిల్లాడు గురక పెట్టిన రాత్రి తేదీ కింద "గు" అని రాసింది. ఊపిరి ఆగడం చూస్తే ఎన్ని లెక్కలు ఆగిందో అంకె వేసింది. పక్క తడిపిన రోజు ఒక చుక్క పెట్టింది. పదిహేను రోజులు ఇలా రాసింది. మరిది ఫోను అడిగి తీసుకుని తెల్లవారు జామున రెండు నిమిషాలు వీడియో తీసింది. చొక్కా విప్పి, దీపం వేసి, రొమ్మూ పొట్టా కనబడేలా తీసింది.

అత్తగారు ఊరుకుంటుందా? "గురకకు కూడా డాక్టరేమిటే అమ్మాయ్? మీ మామగారు పెట్టలేదా?"

"మామయ్యగారు పెద్దాయన అత్తయ్యా. వీడు పసివాడు. ఒక్కసారి నాలుగింటికి లేపుతాను, మీరే చూడండి."

నాలుగింటికి ముసలమ్మ వచ్చి కూర్చుంది. పిల్లాడి గురక ఆగింది. "ఒరేయ్ నాయనా" అంటూ వాణ్ణి కుదిపి లేపేసింది. ఆ తరువాత డాక్టరు వద్దని అనలేదు.

మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు. బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చి పిల్లలను చూసే డాక్టర్ల బృందం కూడా ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను చూస్తారు. వాళ్ళకు చెప్పినా పెద్దాసుపత్రికి రాసి ఇస్తారు. చూపించాల్సింది చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు. హైదరాబాదు కోఠీలో, విశాఖపట్నంలో ఇందుకోసమే ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలో కూడా ఆ డాక్టరు ఉంటారు.

డాక్టరమ్మ క్యాలెండరు కాగితం చూసింది. వీడియో రెండుసార్లు చూసింది. నోరు తెరిపించి చూసి, ముక్కు వెనక భాగానికి ఫోటో తీయించింది. అసలైన పరీక్ష రాత్రంతా ఆసుపత్రిలో పడుకోబెట్టి చేసేది. తలకూ రొమ్ముకూ వేలికీ తీగలు అంటించి ఊపిరి, ప్రాణవాయువు, గుండె చూస్తారు. నొప్పి ఉండదు. అది అన్ని ఊళ్ళలోనూ లేదు. లేనిచోట డాక్టర్లు పిల్లాణ్ణి చూసి, తల్లి చెప్పింది విని, అవసరమైతే వేలికి రాత్రంతా చిన్న యంత్రం తగిలించి నిర్ణయిస్తారు. కాబట్టి తల్లి చెప్పే మాటకు విలువ ఎక్కువ.

"టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసేస్తే మంచిదమ్మా" అంది డాక్టరమ్మ.

ముసలమ్మకు మళ్ళీ గుబులు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. అవి తీసేస్తే పిల్లాడికి మాట పోదా తల్లీ? రోగాలన్నీ పట్టుకోవా?"

మాట పోదు. మాట పెట్టె అంతకన్నా కిందికి ఉంటుంది. రోగాలను పట్టే కాపలా గదులు నాలుక వెనకాలా, మెడలోనూ ఇంకా చాలా ఉన్నాయి. అవి పని చేసుకుపోతాయి.

ఆపరేషను అందరికీ తప్పదని కూడా కాదు. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ళ వయసు పిల్లలు 464 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషను చేశారు. ఇంకో జట్టును కనిపెట్టి చూస్తూ ఆగారు. ఆ ఫలితం 2013లో ప్రకటించారు. ఏడు నెలలకు ఆపరేషను చేసిన పిల్లల్లో నూటికి 79 మందికి నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది. చేయని వాళ్ళలో నూటికి 46 మందికి దానంతటదే తగ్గింది. ఆపరేషను జరిగిన పిల్లల ప్రవర్తన, నిద్ర బాగా మెరుగయ్యాయి. శ్రద్ధను కొలిచే పరీక్షలో మాత్రం పెద్ద తేడా రాలేదు. అంటే జబ్బు కొంచెంగా ఉంటే డాక్టరు కనిపెట్టి ఉంటూ కొన్ని నెలలు ఆగవచ్చు. ముక్కులో కొట్టే మందు కొన్ని వారాలు ఇచ్చి చూస్తారు. లావు పిల్లలయితే బరువు తగ్గించాలి. వాళ్ళకు ఆపరేషను తరువాత కూడా జబ్బు కొంత మిగలవచ్చు. కొందరికి రాత్రి ముక్కు మీద తొడుగు పెట్టి, గాలి యంత్రంతో దారి తెరిచి ఉంచుతారు. మోటారు మాటలో చెప్పాలంటే, పీల్చే పైపులోకి అవతలి నుంచి గాలి తోసి ఉబ్బించడమే. ఇవన్నీ డాక్టరు తేల్చే సంగతులు.

ఇంట్లో తేల్చే సంగతులు కొన్ని ఉన్నాయి. మత్తు కలిగించే దగ్గు మందు, నిద్ర మందు ఈ పిల్లలకు ఇవ్వకూడదు. అవి గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. మెలకువ తెచ్చే మెదడును నిద్రపుచ్చుతాయి. కోడీన్ అనే మందు టాన్సిల్స్ తీసిన పిల్లలకు ఇవ్వరాదని 2013లో అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ గట్టిగా హెచ్చరించింది. దుకాణంలో ఇచ్చిన సీసా మీద పేరు చదవండి. ఇప్పుడు చదవడం వచ్చింది కదా! వేరే ఏ ఆపరేషనుకయినా మత్తు ఇచ్చే ముందు, "మా పిల్లాడు గురక పెడతాడు" అని డాక్టరుకు చెప్పి తీరాలి. వేలితో గొంతులో నొక్కించడం, నోటికి పట్టీ అంటించి మూయడం, ఈ పనులు వద్దే వద్దు.

ఆపరేషను రోజు పిల్లాణ్ణి రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచారు. మూడేళ్ళ లోపు పిల్లలను, జబ్బు ఎక్కువగా ఉన్న పిల్లలను అలా ఉంచి చూడాలి. తరువాత వారం, పది రోజులు గొంతు నొప్పి. గొంతులో తెల్లని పొర కనబడుతుంది. అది చీము కాదు, మానుతున్న పుండు. నీళ్ళు, మజ్జిగ, మెత్తని అన్నం పెడుతూ ఉండాలి. నొప్పి అని నీళ్ళు తాగకపోతే ఇంకా కష్టం. అయిదో రోజు నుంచి పదో రోజు దాకా జాగ్రత్త. పొర రాలేటప్పుడు కొందరికి రక్తం వస్తుంది. ఉమ్మిలో ఎర్రగా రక్తం కనబడితే, మాటిమాటికీ మింగుతూ ఉంటే, తెల్లారనిద్దాం అనుకోకూడదు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవాలి.

ఆ పిల్లాడికి రక్తం రాలేదు. ఇంటికి వచ్చిన మొదటి రెండు వారాలు గురక కొంచెం ఉంది. లోపలి వాపు తగ్గాలి కదా. తరువాత ఒకరాత్రి చప్పుడు లేదు. తల్లికి భయం వేసి లేచింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. గాలి వెచ్చగా తగిలింది. నోరు మూసుకునే నిద్రపోతున్నాడు. అయినా ఆమె అరగంట అలాగే కూర్చుంది. క్యాలెండరులో ఆ తేదీ కింద ఏం రాయాలో తోచలేదు. ఖాళీగా వదిలేసింది.

పక్క తడపడం వెంటనే పోలేదు. రెండు నెలలు పట్టింది. బడిలో అల్లరి తగ్గింది, లెక్కల్లో ఇంకా వెనకే ఉన్నాడు. పోయిన ఏడాది పాఠాలు మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. పంతులుగారికి ఆసుపత్రి చీటీ చూపించి, ఆ తల్లి అదే మాట అడిగింది.